వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు క్యాంపస్ జీవితాన్ని పోల్చి చూడటం ఎలా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి

మా అమ్మాయి ఇంజనీరింగ్ ప్రవేశానికి ఈఏపీసెట్ రాసింది. ఇక వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలను వరుసగా ఆన్‌లైన్లో ఎంచుకోవడం, మిగిలింది. ఫీజులు, ప్లేస్‌మెంట్లు, న్యాక్ గ్రేడ్లు (కాలేజీ నాణ్యతను బట్టి ఇచ్చేవి) ఒక కాగితం మీద రాసుకొని కాలేజీలను పోల్చుకుంటున్నాము. రెండేళ్ల ఇంటర్‌లో స్టడీ అవర్లు తప్ప మరొకటి ఎరగని మా అమ్మాయి ఆ కాగితం చూసి, "నాలుగేళ్లు నేను ఎవరితో, ఎలా ఉంటానన్నది ఇందులో లేదు నాన్నా" అన్నది. క్యాంపస్‌లున్న వడ్డేశ్వరం, నీరుకొండ, ఐనవోలు, వడ్లమూడి, నాగార్జున నగర్ అన్నీ మాకు దగ్గరే. స్నేహాలు, క్లబ్బులు, 'ఇది మా కాలేజీ' అనే అభిమానం వంటివాటిని బయటివాళ్లం ఎలా అంచనా వేయాలో, అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: విజయవాడ పటమట, పూర్వ విద్యార్థిని

ముందు బస్సు వేళలు అడగండి. నేను నాలుగేళ్లూ డే స్కాలర్‌ని. మా కాలేజీ పేరు చెప్పను గాని, అక్కడ బస్సులన్నీ సాయంత్రం నాలుగున్నరకే కదిలేవి, క్లబ్బుల సమావేశాలేమో ఐదింటికి మొదలయ్యేవి. నాటక బృందం జాబితాలో నా పేరు ఉండేది గాని, రిహార్సల్‌కు ఉండిపోయిన రోజున బెంజి సర్కిల్ దాకా నాన్నగారు బండి మీద రావలసి వచ్చేది. రెండో ఏడాదికి నేనే మానుకున్నాను. ఆ కాలేజీ బ్రోచరులో ఇరవైకి పైగా క్లబ్బులు ఉన్నాయని ఉండేది, అది అబద్ధం కూడా కాదు. అయితే అవి హాస్టల్ పిల్లల క్లబ్బులు. సాయంత్రం ఏడింటికి ఒక్క బస్సయినా ఉన్న కాలేజీలో, బస్సులో వచ్చే పిల్లలకూ ఆ జీవితంలో వాటా దొరుకుతుంది.

జవాబు 2: హాస్టల్లో ఉండి చదివినవాడిని

పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. హాస్టల్లో చేర్చినంత మాత్రాన అమ్మాయిలకు సాయంత్రాలు దక్కుతాయని అనుకోవద్దు. గేటు మూసే వేళ అబ్బాయిలకు ఒకటి, అమ్మాయిలకు ఒకటి ఉన్నచోట లైబ్రరీ రాత్రి పదింటి దాకా తెరిచి ఉన్నా వారికి ప్రయోజనం లేదు. అందుచేత అమ్మాయిల హాస్టల్ వేళలను విడిగా అడగండి. ఫెస్ట్ రోజున మాత్రం క్యాంపస్ చూడటానికి వెళ్లకండి, పెళ్లినాడు ఇల్లు చూసినట్టే ఉంటుంది. మామూలు బుధవారం సాయంత్రం క్యాంటీన్లో కూర్చుని, ఫైనలియర్ పిల్లలను పలకరించండి. ఫెస్ట్‌కు వచ్చిన సినిమా గాయకుడి గురించి చెబుతారో, తాము ఏం చేశామో చెబుతారో గమనించండి.

జవాబు 3: విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు

కాలేజీ మీద అభిమానానికి వయసుతో సంబంధం ఉంది. 1885 నాటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల గాని, 1953లో మొదలైన ఆంధ్ర లొయోలా గాని తీసుకుంటే, తాతా మనవడూ ఒకే మెట్లెక్కిన కుటుంబాలు మన జిల్లాల్లో ఉన్నాయి. అమరావతి ప్రాంతంలోని విట్, ఎస్‌ఆర్‌ఎం విశ్వవిద్యాలయాలు 2017లో మొదలైనవి. అక్కడ సంప్రదాయం ఇంకా పోగుపడుతున్నది గనుక, పిల్లలే కొత్త క్లబ్బు పెట్టుకోవడానికి చోటు ఎక్కువ ఉండవచ్చు. ఎవరికి ఏది నప్పుతుందో అది పిల్లల స్వభావాన్ని బట్టి ఉంటుంది. (1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట పెట్టింది మన బెజవాడలోనే, అది వాల్తేరుకు తరలిపోయింది గాని, లేకపోతే ఈ ప్రశ్నే వేరుగా ఉండేది.)

ఇంకొక మాట. సీనియర్ల పట్ల గౌరవం పేరుతో సాగే ర్యాగింగును కాలేజీ అభిమానమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. మన రాష్ట్రంలో 1997 నుంచే దాన్ని నిషేధించే చట్టం ఉంది. ఫిర్యాదు చేస్తే ఏమవుతుందని వార్డెన్‌ను నేరుగా అడగండి. సమాధానం ఎలా ఉన్నా, వారు తడబడితే మీకు తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ బుధవారం రెండు చోట్లకు వెళ్తున్నాము. హాస్టలా, బస్సా అన్నది ఇంకా తేలలేదు. అమ్మాయి హాస్టల్ అంటున్నది, వాళ్లమ్మ బస్సే అంటున్నది.