‘లోకల్ డెలివరీ’కి బట్వాడా సరిపోదా?

ప్రశ్న:

సభ్యులకు నమస్కారం. లినక్స్ యంత్రంలో, ఈమెయిలు ఉత్తరాలను చేరవేసే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రామును స్థాపించేటప్పుడు కనిపించే తెరను తెలుగు చేస్తున్నాను. అందులో ‘లోకల్ ఓన్లీ’ అనే ఎంపిక ఉంది. నెట్‌వర్కుతో ప్రమేయం లేకుండా, ఆ యంత్రంలో ఖాతా ఉన్నవారికి మాత్రమే ఉత్తరాలు అందించడం దాని పని. ‘స్థానిక పంపిణీ మాత్రమే’ అని రాశాను గానీ, చదివిన ప్రతిసారీ రేషను దుకాణం గుర్తుకొస్తోంది. సరైన మాట సూచించగలరు.

జవాబు:

అయ్యా, మీ చెవి సరిగానే పసిగట్టింది. బియ్యమో, కరపత్రాలో పదిమందికి పంచితే అది పంపిణీ. ఉత్తరం ఎవరి పేరున వస్తే వారికే చేరాలి కనుక, దానికి మన తపాలా కార్యాలయాలు ఏనాడో వాడుకలో పెట్టిన ‘బట్వాడా’యే తగిన మాట. మూలంలో ఇదీ పంపకమే. హిందీలో ‘బంట్వారా’ అంటే ఆస్తి పంపకం మొదలుకొని దేశ విభజన దాకా వస్తుంది. తెలుగులో మాత్రం జీతాల బట్వాడా, ఉత్తరాల బట్వాడా అంటూ, ఎవరికి రావలసినది వారి చేతిలో పెట్టడమనే అర్థంలో స్థిరపడింది.

సాంకేతికంగా చూసినా ఇదే అతుకుతుంది. ఉత్తరాన్ని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మోసుకుపోవడం రవాణా. చేరిన ఉత్తరాన్ని ఫలానా వాడుకరి పెట్టెలో వేయడం బట్వాడా. పోస్ట్‌ఫిక్స్‌లో ఈ రెండు పనులకు ‘ఎస్‌ఎంటీపీ’, ‘లోకల్’ అనే వేర్వేరు ప్రోగ్రాములు ఉన్నాయి. ఇలాంటి పనే చేసే పాత ప్రోగ్రాము సెండ్‌మెయిల్‌కు ముందు, 1979 ప్రాంతంలో ఎరిక్ ఆల్మన్ రాసిన ప్రోగ్రాము పేరే ‘డెలివర్‌మెయిల్’. ఇక ఆ పెట్టె అనేది మామూలుగా వాడుకరి పేరుతో ఉండే ఒకే ఒక ఫైలు. అందులో ప్రతి ఉత్తరం ‘ఫ్రమ్’ అనే మాట, దాని వెంట ఒక ఖాళీ ఉన్న పంక్తితో మొదలవుతుంది. ఉత్తరం మధ్యలో ఏ పంక్తి అయినా అలాగే మొదలైతే, కొత్త ఉత్తరమని పొరబడకుండా దాని ముందు ఒక కోణపు గుర్తు తగిలిస్తారు.

కాబట్టి ‘ఈ యంత్రంలోనే బట్వాడా’ అని రాయండి. ‘స్థానిక’ అంటే చదువరి తన ఊరిని ఊహించుకుంటాడు.

నిజానికి నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన మాట, ఒక పేరున వచ్చిన ఉత్తరాన్ని మరో ఖాతాకు చేర్చే ఏర్పాటుకు పేరైన ‘ఎలియాస్’. అందరూ ‘మారుపేరు’ అని రాస్తున్నారు. మారుపేరంటే ఒకే మనిషికి ఉన్న రెండో పేరు. ఇక్కడ జరిగేది అది కాదు. మా ఇంటి యంత్రంలో రాత్రి రెండు గంటలకు ఫైళ్ల నకలు తీయవలసిన క్రాన్ పని (నిర్ణీత వేళకు యంత్రం తనంతట తానే చేసే పని) వారాల తరబడి విఫలమవుతున్నా నాకు తెలియలేదు. యంత్రం రాసుకునే లాగ్ తెరిచి చూస్తే, ఎంటీఏ (ఉత్తరాలు చేరవేసే ప్రోగ్రాము) ఏదీ స్థాపించలేదు కనుక, ఉత్తరంగా పంపవలసిన అవుట్‌పుట్‌ను పారవేస్తున్నామని రాత్రికొక పంక్తి చొప్పున ఉంది. తప్పు నాదే. పోస్ట్‌ఫిక్స్‌ను స్థాపించి, ‘ఎలియాసెస్’ ఫైలులో, యంత్ర నిర్వాహకుడి ఖాతా అయిన ‘రూట్’ పేరు ఎదుట నా ఖాతా పేరు రాసి, ‘న్యూఎలియాసెస్’ ఆదేశం ఇచ్చాను. పోస్ట్‌ఫిక్స్ చదివేది ఆ ఫైలు నుంచి తయారైన డేటాబేసును గనుక, ఈ ఆదేశం మరచిపోతే మార్పు దానికి అందదు. మర్నాడు లాగిన్ కాగానే కొత్త ఉత్తరం ఉందని తెర చెప్పింది. అది రూట్ పేరున వచ్చి నాకు అందిన ఉత్తరం. నేను రూట్‌ను కాను, రూట్ నా మారుపేరూ కాదు. కవరు మీద మనం రాసే ‘కేరాఫ్’ ఈ పనికి ఎంతో దగ్గర. తెర మీద మరీ ఇంటి మాటలా ఉంటుందనుకుంటే ‘బదులు చిరునామా’ అనవచ్చు గానీ, నా ఓటు కేరాఫ్‌కే.

మరొక సభ్యురాలు:

బాగుందండీ. మరి, చిరునామాకు అందక వెనక్కి వచ్చే ఉత్తరాన్ని చెప్పే ‘బౌన్స్’ను ‘తిరుగు టపా’ అనవచ్చునా?

జవాబు:

వద్దమ్మా. ‘తిరుగు టపాలో జవాబు రాయగలరు’ అని పాత ఉత్తరాల్లో చూసే ఉంటారు. అందిన వెంటనే బదులు పంపమని దాని భావం. ఇక్కడ ఉత్తరం అసలు అందనే లేదు. పైగా, ‘టపా’ను చూడగానే ‘టపా కట్టేసింది’ అని చదువుకొని నవ్వేవారు ఉంటారు. ‘లోకల్ ఓన్లీ’ ఎంపిక పెట్టుకున్న యంత్రం నుంచి బయటి చిరునామాకు రాసి చూడండి: బయటికి బట్వాడా వీలుకాదన్న కారణంతో, అది మీ పెట్టెలోకే వచ్చి పడుతుంది. ఆ సందేశానికి ‘బట్వాడా కాక తిరిగివచ్చినది’ అని శీర్షిక పెడితే, పోస్టుమాన్ వెనక్కి తెచ్చిన కవరు చూసినవారెవరికైనా వేరే వివరణ అక్కరలేదు.