రోలర్ కోస్టర్ దగ్గర తొమ్మిదో తరగతి పిల్లలకు శక్తి నిత్యత్వాన్ని ఎలా బోధించాలి?

ప్రశ్న: సైన్స్ టీచర్, నల్గొండ జిల్లా

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. ఈ ఏడాది విజ్ఞాన యాత్రకు తొమ్మిదో తరగతి పిల్లలను హైదరాబాద్ శివార్లలోని వండర్‌లా వినోద పార్కుకు తీసుకువెళ్లాలని నిర్ణయించాము. పై నుంచి కిందికి వచ్చేటప్పుడు స్థితిజ శక్తి గతిజ శక్తిగా మారుతుందన్న వాక్యాన్ని మా పిల్లలు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. అయితే, ‘మరి రోలర్ కోస్టర్ బండి అవతలి వైపు మళ్లీ అంతే ఎత్తుకు ఎందుకు ఎక్కదు?’ అని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు. రోజంతా రైడ్లు ఎక్కించి, సాయంత్రం బస్సులో ‘ఏం నేర్చుకున్నారు?’ అని అడగడం వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం. ఏ రైడ్ దగ్గర ఏం గమనించమనాలి? ఏం కొలిపించాలి? కోస్టర్ వలయం పూర్తి గుండ్రంగా కాకుండా నిలువుగా సాగి, పైభాగం ఇరుకుగా ఎందుకు ఉంటుందని ఫొటో చూసి ఒక విద్యార్థి అడిగాడు. దానికి వారి స్థాయిలో ఎలా జవాబు చెప్పాలి?

జవాబు 1: జూనియర్ కళాశాల అధ్యాపకుడు, వరంగల్

టీచర్ గారికి నమస్కారం. పార్కులో ఎన్ని రైడ్లున్నా మీ పాఠానికి ఒక్కటి చాలు, అది మీరు వెళ్తున్న చోటే ఉంది. రీకాయిల్ అనే ఆ కోస్టర్ బూమరాంగ్ తరహాది. మామూలు కోస్టర్ ఒక చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి ఆగుతుంది కాబట్టి, దారిలో ఎంత శక్తి పోయిందో పిల్లలకు కంటికి కనిపించదు. బూమరాంగ్‌లో మాత్రం పట్టాలకు రెండు చివరలా ఏటవాలు గోపురాలు ఉంటాయి. బండిని వెనక్కి లాగి మొదటి గోపురం మీది నుంచి వదిలితే, అది స్టేషన్ గుండా దూసుకుపోయి, మెలికలనూ వలయాన్నీ దాటి, రెండో గోపురం ఎక్కుతూ వేగం కోల్పోతుంది. అక్కడ గొలుసు దాన్ని అందుకొని మిగిలిన ఎత్తుకు లాగుతుంది. ఆ తరువాత అదే దారిన వెనక్కి వదులుతారు. గొలుసు లాగవలసి వచ్చిన ఆ మిగిలిన ఎత్తే మీ ప్రశ్నకు జవాబు. ఘర్షణకూ గాలి నిరోధానికీ పోయిన శక్తిని ఇంత స్పష్టంగా చూపే పరికరం మన ప్రయోగశాలల్లో కూడా లేదు.

అందువల్ల పిల్లలను ముందు వరుసలో నిలబెట్టకుండా, కాసేపు కిందనే ఉంచండి. బండి తనంతట తాను రెండో గోపురం మీద ఎక్కడిదాకా వెళ్తుందో ప్రతి ఒక్కరి చేతా నోటుపుస్తకంలోని బొమ్మ మీద గీత గీయించి, ఆ తరువాతే చూడనివ్వండి. ముందుగా ఊహించని పిల్లవాడికి చూసినదాంట్లో ఆశ్చర్యం ఉండదు.

లెక్క కూడా ఉంది. ఈ తరహా కోస్టర్ల ఎత్తు సుమారు 35 మీటర్లు, గరిష్ఠ వేగం గంటకు సుమారు 75 కిలోమీటర్లు. ఎత్తును బట్టి లెక్కిస్తే వేగం సెకనుకు 26 మీటర్లు, అంటే గంటకు 94 కిలోమీటర్ల దాకా రావాలి. ఈ తేడా అంతా ఘర్షణ వల్లనే అని పిల్లలు తొందరపడతారు, పడనివ్వకండి. 35 మీటర్లు నేల నుంచి కొలిచిన ఎత్తు. పట్టాల అడుగుభాగం నేలకు ఆనుకొని ఉండదు. పైగా బండి పొడవైనది కనుక, దాని పై కొస శిఖరం దగ్గర ఉన్నప్పుడు ద్రవ్యరాశి కేంద్రం అంతకంటే బాగా కిందనే ఉంటుంది. ఈ రెండింటినీ తీసివేశాకే ఘర్షణ వాటా తేలుతుంది.

ఇక వలయం సంగతి. పూర్తి వృత్తాకార వలయంలో శిఖరం దగ్గర బండి పట్టాలను విడవకుండా ఉండటానికి సరిపడా వేగం ఉండాలంటే, అడుగున మనిషికి తన బరువు ఆరు రెట్లుగా తోస్తుంది. అంటే 40 కిలోల పిల్లవాడిని సీటు 240 కిలోల మనిషిని మోస్తున్నట్లుగా పైకి నెడుతుంది. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే గుండ్రటి వలయాన్ని కట్టినప్పుడు, ఎక్కినవారికి మెడ నొప్పులు వచ్చాయి. అడుగున వ్యాసార్థాన్ని రెట్టింపు చేస్తే అదే వేగానికి ఆ ఆరు రెట్లు మూడున్నరకు దిగుతాయి. పైన వేగం తక్కువ కాబట్టి అక్కడ ఇరుకు వంపే కావాలి. కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో 1976లో ప్రారంభమైన రివల్యూషన్ కోస్టర్‌కు వెర్నర్ స్టెంగెల్ ఇటువంటి వలయాన్నే రూపొందించారు. మీ విద్యార్థి అడిగినది ఇంజనీర్లకు ఎనభై ఏళ్లు పట్టిన ప్రశ్న అని అతనికి తప్పక చెప్పండి.

జవాబు 2: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, హైదరాబాద్

పై జవాబు బాగుంది, కానీ పార్కు టికెట్ భరించలేని పాఠశాలలే ఎక్కువ. జనవరి 1న మొదలయ్యే నాంపల్లి నుమాయిష్‌లోనో, ఊళ్లలోకి వచ్చే ఎగ్జిబిషన్‌లోనో ఇదే పాఠం చాలా చవకగా చెప్పవచ్చు. గొలుసులకు వేలాడే కుర్చీలు గిర్రున తిరిగే రైడ్ దగ్గర, లావుగా ఉన్నవారి కుర్చీ ఎక్కువ వాలుతుందా, ఖాళీ కుర్చీ ఎక్కువ వాలుతుందా అని ముందుగా అడగండి. తరగతి రెండుగా చీలిపోతుంది. తిరగడం మొదలయ్యాక ఒకే వరుసలోని కుర్చీలన్నీ ఒకే కోణంలో వాలడం చూసి రెండు పక్షాలూ నివ్వెరపోతాయి. వాలు వేగం మీదా వ్యాసార్థం మీదా ఆధారపడుతుంది తప్ప బరువు మీద కాదు. వాలు సరిగ్గా 45 డిగ్రీలైతే అభికేంద్ర త్వరణం (వృత్త కేంద్రం వైపు ఉండే త్వరణం) గురుత్వ త్వరణంతో సమానం కనుక త్రికోణమితి రాని పిల్లలు కూడా లెక్క చేయగలరు: చుట్టుకు 6 సెకన్లు పడితే వ్యాసార్థం దాదాపు 9 మీటర్లు.

జెయింట్ వీల్‌ను నేను సిఫారసు చేయను. అది నెమ్మదిగా తిరుగుతుంది కనుక పైనా కిందా బరువులో తేడా స్వల్పం, పిల్లలు పైనుంచి ఊరిని చూడటంలో మునిగిపోతారు.

జవాబు 3: మెకానికల్ ఇంజనీర్, అబూ ధాబీ

యాత్రకు ముందు తరగతిలో చేయించదగిన లెక్క ఒకటి. ఇక్కడి ఫెరారీ వరల్డ్‌లో 2010లో ప్రారంభమైన ఫార్ములా రోసా అనే కోస్టర్ ఎత్తు 52 మీటర్లు, వేగం గంటకు 240 కిలోమీటర్లు. అంత ఎత్తు నుంచి పడితే గంటకు 115 కిలోమీటర్లకు మించి వేగం రాదని పిల్లలే లెక్కగట్టి, మిగతా శక్తి ఎక్కడి నుంచి వచ్చిందని వెతకాలి. హైడ్రాలిక్ యంత్రం బండిని సుమారు 5 సెకన్లలో ఆ వేగానికి తోస్తుందన్న విషయాన్ని వారు అడిగేవరకూ బయటపెట్టకండి.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. ఫోన్‌లోని త్వరణ సెన్సార్‌తో రైడ్ మీదే కొలతలు తీయవచ్చని మా సహోపాధ్యాయులు అంటున్నారు, అది మంచిదేనా?

జవాబు 4: జూనియర్ కళాశాల అధ్యాపకుడు, వరంగల్

ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఆ పని చక్కగా చేస్తుంది, కానీ కోస్టర్ మీద వద్దు. జేబులోంచి జారిన ఫోన్ కింద ఉన్నవారి తల మీద పడుతుంది, నిర్వాహకులు అనుమతించరు కూడా. దానిని లిఫ్ట్‌లోనో, బడి ఆవరణలోని ఉయ్యాల మీదనో వాడండి. వలయం కోసం ఏసీ మెకానిక్ దగ్గర దొరికే నల్లటి ఫోమ్ గొట్టాన్ని నిలువునా చీల్చి, అందులో గోలీ దొర్లించండి. వలయం వ్యాసార్థానికి రెండున్నర రెట్ల ఎత్తు నుంచి వదిలితే సరిపోతుందని పుస్తకం చెబుతుంది, కానీ గోలీ పడిపోతుంది. అది జారదు, దొర్లుతుంది. ఆ దొర్లుడుకు కొంత శక్తి పోతుంది కాబట్టి ఘర్షణ లేకపోయినా 2.7 రెట్లు కావాలి, ఫోమ్ మీద ఇంకా ఎక్కువే కావాలి. ఎంత ఎక్కువో పిల్లలనే స్కేలు పట్టుకొని కనుక్కోనివ్వండి.