‘నోటిపుండు’ అన్న మాట పిల్లికి సరిపోతుందా?

సభ్యులకు నమస్కారం. పిల్లులను పెంచుకునేవారి కోసం, వాటికి వచ్చే నోటి క్యాన్సర్ల గురించి తెలుగులో ఒక కరపత్రం రాస్తున్నాను. మొదటి పేజీలోనే ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట ‘పుండు’.

నోట్లో ఏది కనబడినా మనం పుండు అనేస్తాం. చిగురు ఎర్రగా చెక్కుకుపోయినా, గింజంత ఉబ్బు లేచినా, పంటి పక్కన మాంసం పెరిగినా అదే మాట. నన్ను ఇబ్బంది పెడుతున్నది దాని అర్థం కాదు, దానికి తోడుగా వచ్చే క్రియ. తెలుగులో గడ్డ పగులుతుంది, వాపు తగ్గుతుంది, కణితి పెరుగుతుంది, పుండు మానుతుంది. ‘పుండు మానినా మచ్చ మానదు’ అనే సామెత చూడండి. అందులో పుండు మానడం గురించి అనుమానమే లేదు, దిగులంతా మచ్చ గురించే. పుండు అని పేరు పెట్టగానే అది మానుతుందని ఎదురుచూడటం మొదలుపెడతాం.

నేను అలాగే ఎదురుచూశాను. మా పిల్లికి పన్నెండేళ్లు. పైదవడ కోరపన్ను కదులుతుంటే తీయించాం. ఆ గుంట పూడలేదు. అంచులు దళసరిగా ఉబ్బి, తాకితే నెత్తురు వచ్చేది. ‘పన్ను తీసిన పుండు కదా, మెల్లగా మానుతుంది’ అని ఇంట్లో అందరం ఆరు వారాలు అనుకున్నాం. గిన్నె దగ్గరకు ఆత్రంగా వచ్చేది, ఒక్క ముక్క నోట కరిచి, తల పక్కకు వంచి, దాన్ని జారవిడిచి వెళ్లిపోయేది. ఒళ్లు నాక్కోవడం తగ్గించింది. వీపు మీద బొచ్చు అట్టకట్టింది. ఇన్ని కళ్లెదుటే ఉన్నా, ‘పుండు’ అన్న మాట మమ్మల్ని కదలనివ్వలేదు.

అందుకే కరపత్రంలో పుండు తీసేసి అంతటా ‘కణితి’ అని రాద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

నిఘంటువుల మీద పనిచేసిన ఒక పెద్దాయన జవాబు:

క్రియ గురించి మీ పరిశీలన నిజమే. దానికి ఇంకొకటి చేర్చుకోండి. పుండు మానడం, మందు మానడం, రెంటిలోనూ ఉన్నది ఒకే ‘మాను’. ఆగిపోవడం అని దాని అర్థం. అయితే ఆ మాటను మరీ తోసిపుచ్చకండి. అది మన సొంత మాట. తమిళంలో పుణ్, కన్నడంలో హుణ్ణు. పైపొర పోయి పచ్చిగా తెరుచుకున్న చోటు అని దాని అసలు భావం. ‘పుండు మీద కారం చల్లినట్టు’ అంటామే గాని కణితి మీద చల్లినట్టు అనం. పైన చర్మం ఉంటే కారం మండదు మరి.

మన పెద్దలు క్యాన్సర్‌ను ‘రాచపుండు’ అన్నారు, ‘రాచకురుపు’ అని కూడా అన్నారు. ఇది మామూలుది కాదని చెప్పడానికి ముందు ‘రాచ’ చేరింది. సంస్కృత వైద్యంలో కణితికి మాట అర్బుదం. సుశ్రుత సంహిత మనుషుల నోటిరోగాలను 7 చోట్ల కింద విభజించి 65గా లెక్కపెట్టింది. అంగిలి మీద పెరిగేదాన్ని తాల్వర్బుదం అంది. నాలుక అడుగున గట్టిగా పెరిగి, నాలుకను కదలనివ్వని వాపుకు ‘అలాసం’ అని విడిగా పేరు పెట్టింది. ఏ చోటు, ఎలాంటి పెరుగుదల అన్నవి పేరులోనే విడదీసి చెప్పే అలవాటు మనకు కొత్త కాదు.

పశువైద్యం చేస్తున్న ఒక సభ్యురాలి జవాబు:

అలాసం గురించి చదవగానే పిల్లి నాలుక అడుగే గుర్తుకొచ్చింది, మాస్టారూ. పిల్లుల నోటి క్యాన్సర్లలో అత్యధికం స్క్వామస్ సెల్ కార్సినోమా, అంటే పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్, దాదాపు మూడింట రెండు వంతులు. అది తరచుగా కనబడే చోట్లలో నాలుక మొదలు కింది భాగం ఒకటి. ఊరికే నోరు తెరిచి చూస్తే అక్కడ ఏమీ కనబడదు. కింది దవడ ఎముకల మధ్య మెత్తగా ఉండే చోట, బయటి నుంచి బొటనవేలితో పైకి నొక్కాలి. అప్పుడు నాలుక లేచి దాని అడుగు బయటపడుతుంది. నిమిషం కూడా పట్టదు. పిల్లి ఒప్పుకోకపోతే మత్తు ఇచ్చి చూడాల్సిందే.

ఇక మీ ప్రశ్న. అంతటా ‘కణితి’ అని మార్చడం నాకు సమ్మతం కాదండీ. ఈ కార్సినోమా చాలాసార్లు ఉబ్బు లేకుండా, అచ్చం పుండులాగే ఉంటుంది. కణితి అని రాస్తే, మా పిల్లికి ఉబ్బు లేదు కదా అని నిశ్చింతగా ఉండిపోతారు. ఇంకోవైపు, క్యాన్సర్ కానివీ భయపెడతాయి. ఇండోలెంట్ అల్సర్ అనే పుండు పై పెదవిని తినేసినట్టు కనబడుతుంది. దీర్ఘకాలపు నోటివాపులో గొంతు దగ్గర మాంసం ఎర్రగా పెరుగుతుంది. నాలుక మొదట్లో చుట్టుకున్న దారం కోసుకుపోయి చేసిన గాయాలూ చూశాను. పుండు, కణితి, రెండూ కంటికి కనబడే రూపానికి పేర్లు. జబ్బుకు పేర్లు కావు.

మళ్లీ నేను:

డాక్టరుగారూ, మీ చివరి రెండు వాక్యాలు నా వాదనను సరిచేశాయి. మా ఇంట్లో జరిగిందీ అదే. ఆరు వారాల తర్వాత మొదటి ముక్క తీశారు. ‘వాపు మాత్రమే ఉంది’ అని ఫలితం వచ్చింది. పైపైన తీసిన ముక్కలో చెడిపోయిన పొర తప్ప మరేమీ రాలేదట. రెండోసారి మత్తులో లోతుగా, ఎముక దాకా తీశారు. ఎముకను మెత్తబరచి కోయాలి కాబట్టి ఫలితానికి ఇంకా కొన్ని రోజులు ఆగాలన్నారు. పాథాలజిస్టుకు కదురుల్లాంటి పొడవాటి కణాలు కనబడ్డాయి. చూపుకు ఫైబ్రోసార్కోమా, అంటే పీచు కణజాలంలో పుట్టే క్యాన్సర్. మెలాన్-ఎ అనే ప్రోటీన్ కోసం ప్రత్యేకంగా రంగు వేసి చూస్తే మెలనోమా, అంటే ఒంటికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్, అని తేలింది. పిల్లి నోట్లో అది అరుదు.

ఇక్కడ ఇంకో మాట తప్పింది. నా చిత్తుప్రతిలో మెలనోమాకు ‘నల్లకణాల క్యాన్సర్’ అని రాసుకున్నాను. గ్రీకులో మెలాస్ అంటే నలుపు, అందుకని. మా పిల్లి చిగురులో నలుపు చుక్కంత కూడా లేదు, గులాబీ రంగు మాంసమే. ఆ అనువాదం చదివిన మనిషి నలుపు కోసం వెతుకుతాడు, కనబడక ఊరుకుంటాడు. కొట్టేసి మెలనోమా అనే ఉంచాను.

ఒక సభ్యుని ప్రశ్న: మా నారింజరంగు పిల్లి పెదవుల మీద, చిగుళ్ల మీద నల్లచుక్కలు ఉన్నాయి. ఇది చదివాక భయం వేస్తోంది.

పశువైద్యురాలు: ఆ రంగు పిల్లుల్లో అవి సాధారణం, లెంటిగో అంటాం. చదునుగా ఉన్నంతవరకు హాని లేదు. ఉబ్బినా, చిట్లినా చూపించండి. కరపత్రం రాస్తున్నవారికి ఇంకొక్కటి. ‘ముసలి పిల్లుల జబ్బు’ అని మాత్రం రాయకండి. ఎక్కువగా వయసు మళ్లినవాటికే వస్తుంది, నిజమే. కానీ దంతకణాల నుంచి పుట్టే అరుదైన కణితి ఒకటి ఏడాదిన్నర లోపు పిల్లికూనల్లో, పైదవడ ముందు భాగంలో వస్తుంది.

నేను: ‘ముసలి పిల్లుల జబ్బు’ అన్న మాట వెంటనే తీసేస్తున్నాను. బయాప్సీకి పత్రికల్లో కనబడే ‘జీవకణజాల పరీక్ష’ బదులు ‘ముక్క పరీక్ష’ అనే రాస్తాను. ‘ముక్క తీసి పంపారు’ అనే కదా అందరూ చెప్పుకునేది. పుండును కూడా ఉంచుతున్నాను, ‘మానని’ అన్న విశేషణంతో. వాక్యం ఇప్పుడు ఇలా ఉంది: ‘పిల్లి నోట్లో పుండు గానీ, ఉబ్బు గానీ, పన్ను తీసిన గుంట గానీ రెండు వారాల్లో మానకపోతే, ఆ మానని పుండు పేరేమిటో ముక్క పరీక్షే చెప్పాలి.’

పెద్దాయన: ‘మానకపోతే’ పక్కనే ‘మానని’ కూడా ఎందుకు? ‘దాని పేరేమిటో’ అంటే చాలు. శీర్షికలో ‘మానని పుండు’ పెట్టండి.

పశువైద్యురాలు: ‘ముక్క’కు ముందు ‘లోతుగా తీసిన’ అని చేర్చండి.

నేను: రెండూ చేశాను.