వీలునామాలో దవాఖానకు కొంత వాటా: రాసినవారు, అమలు చేసినవారు తమ అనుభవాలు చెప్పగలరు

లెక్కల సారు, హనుమకొండ:
మా ఇంటావిడ మూడేళ్ల క్రితం క్యాన్సర్‌తో కన్నుమూసింది. చివరి ఏడు నెలలు మేము తెల్లవారుజామున కాజీపేటలో రైలెక్కి, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె క్యాన్సర్ సంస్థకు వెళ్లి, రాత్రికి తిరిగి వచ్చేవాళ్లం. జబ్బు నయం కాదని తేలిన తరువాత అక్కడి ఉపశమన చికిత్స విభాగంలో మార్ఫిన్ మాత్రలు ఇచ్చారు. ఎన్నో వారాల తరువాత ఆమె ఐదు గంటలు ఏకబిగిన నిద్రపోయింది ఆ మాత్ర వేసుకున్న రాత్రే. నేను మాత్రం నిద్రపోకుండా ఆమె నిద్రను చూస్తూ కూర్చున్నాను. నాకున్నది రెండు వందల గజాల ఇల్లు, ధర్మసాగర్ దారిలో ఒక ప్లాటు, బ్యాంకులో కొంత డిపాజిట్. అన్నీ నా జీతంతో సంపాదించుకున్నవే. బాబు బెంగళూరులో, పాప కరీంనగర్‌లో స్థిరపడ్డారు. మొత్తంలో పదో వంతు ఇటువంటి ఉపశమన చికిత్సకు చెందేలా వీలునామా రాయాలని ఉంది. ఎలా రాస్తే ఆ సొమ్ము నిజంగా చేరుతుందో, మీ ఇళ్లలో పిల్లలు ఏమన్నారో తెలుసుకోగోరుతున్నాను.

దస్తావేజు లేఖరి, వరంగల్:
సార్, ముప్పై ఏళ్లుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు కూర్చుని రాస్తున్నవాడిని కనుక కొంచెం వివరంగా చెబుతాను. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, కానీ చేయించడమే మంచిదని అందరికీ చెబుతాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం మీరు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు దాన్ని చూసి మీ ఎదుట తామూ సంతకం చేయాలి. రేపు వివాదం వస్తే ఆ ఇద్దరిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది గనుక, మీ ఈడు స్నేహితులను కాకుండా మీకంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోండి. ఈ చిన్న విషయం పట్టించుకోక, సాక్షులిద్దరూ వీలునామా రాసినాయన కంటే ముందే పోయిన కేసులు నేను చూశాను. వీలునామాలో వాటా పొందే సంస్థ ఉద్యోగులను, మీ పిల్లలను సాక్షులుగా పెట్టకండి.

అసలు తప్పు ఎక్కువగా జరిగేది సంస్థ పేరు దగ్గర. దవాఖాన బోర్డు మీద ఒక పేరు ఉంటుంది, దాన్ని నడిపే సొసైటీ లేదా ట్రస్టు పేరు మరొకటి ఉంటుంది. ఆస్తి తీసుకోగలిగేది రెండవదే. అందుచేత వారి రిజిస్ట్రేషన్ పత్రం నకలు అడిగి తెచ్చుకుని, అందులో ఉన్నది ఉన్నట్టుగా పేరు, రిజిస్టరు నంబరు, పాన్ నంబరు, చిరునామా రాయించండి. ఆ సంస్థ అప్పటికి మూతపడితే ఏ సంస్థకు చెందాలో కూడా మరో వాక్యంలో చేర్చండి. ప్రభుత్వ సంస్థకు ఇవ్వదలిస్తే, ఏ ఖాతాకు, ఎవరి పదవి పేరుతో ఇవ్వాలో ఆ సంస్థ అధికారి నుంచి లిఖితపూర్వకంగా తీసుకోండి.

వీలునామాను ఎవరికీ చూపించడం ఇష్టం లేకపోతే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచిపెట్టే ఏర్పాటు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. అయితే అక్కడ దాచిన సంగతి కనీసం ఒకరికైనా తెలియాలి.

వాణి, జగిత్యాల:
పై పెద్దాయన చెప్పిన పేరు విషయం మా ఇంట్లోనే జరిగింది. మా పెద్దమ్మకు పిల్లలు లేరు, పెదనాన్న ముందే పోయారు. ఆమె తన ఆస్తిలో మెట్‌పల్లి దగ్గరి ప్లాటును "క్యాన్సర్ దవాఖానకు" అని రాసింది. ఏ దవాఖాన అన్నది లేదు. దానికి తోడు, చనిపోవడానికి రెండేళ్ల ముందు మోకాలు ఆపరేషన్ కోసం ఆ ప్లాటు అమ్మేసి, మిగిలిన డబ్బు బ్యాంకులో వేసుకుంది, వీలునామా మాత్రం మార్చలేదు. ఫలానా వస్తువు అని చూపి రాసినప్పుడు, చనిపోయే నాటికి ఆ వస్తువు లేకపోతే ఆ దానమే పోతుందని, ఆ డబ్బు దాని స్థానంలోకి రాదని వకీలు చెప్పారు. ఆమె మనసులోని కోరిక మాకందరికీ తెలుసు. అయినా కాగితం ప్రకారం ఆ డబ్బు వేరే వారికి పోయింది. మేము కొందరం కలిసి సొంతంగా కొంత పంపాము, కానీ అది ఆమె ఇచ్చినట్టు కాలేదు కదా. అందుకే సార్, ప్లాటు పేరు రాయకుండా, అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలిన దానిలో ఇన్నో వంతు అని రాయండి.

ఇంకొక మాట, పిల్లలు లేని ఆడవాళ్ల కోసం. హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, పిల్లలు లేని వితంతువు వీలునామా లేకుండా చనిపోతే ఆమె స్వయంగా సంపాదించుకున్నది కూడా మొదట భర్త తరఫు వారసులకు వెళుతుంది, ఆ తరువాతే ఆమె తల్లిదండ్రులకు. ఈ సంగతి తెలిసిన మా చిన్నమ్మ మరుసటి నెలలోనే వీలునామా రాసింది.

రైల్వే పింఛనుదారు, కాజీపేట:
నామినీగా పేరు రాస్తే చాలదా అని చాలామంది అనుకుంటారు. నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషే తప్ప యజమాని కాడని 1984లోనే ఎల్ఐసి పాలసీ విషయంలో సుప్రీంకోర్టు చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్లీ చెప్పింది. నేను బ్యాంకుకు వెళ్లి డిపాజిట్‌కు ట్రస్టు పేరు నామినీగా రాయమంటే, మనుషుల పేర్లే రాస్తామన్నారు. వీలునామా తప్పదు.

కొడుకు, పరకాల:
నేను రెండవ వైపు నుంచి రాస్తున్నాను. మా నాన్న తన వీలునామాలో కిడ్నీ రోగులకు డయాలసిస్ చేయించే ఒక సంస్థకు మూడు లక్షలు రాశారు. పెద్దకర్మ అయిన మరునాడు ఆ కాగితం చదివినప్పుడే ఆ సంగతి నాకూ మా చెల్లెకూ తెలిసింది. మూడు లక్షలు మా ఇంటికి పెద్ద సొమ్మేమీ కాదు. కానీ సాక్షిగా సంతకం పెట్టిన పక్కింటాయనకు నాలుగేళ్లుగా తెలిసిన విషయం, నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు బండి మీద తీసుకుపోయిన నాకు తెలియకపోవడం నన్ను బాగా కష్టపెట్టింది. మేము సరిగా చూసుకోలేదని చెప్పడానికే ఇలా రాశారేమో అన్న అనుమానం కూడా వచ్చింది. అమలుదారుగా నా పేరే రాశారు. ఎనిమిది నెలలు నేను ఏమీ చేయలేదు. ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆ సంస్థకు కూడా ఈ సంగతి తెలియదు.

చివరకు చెక్కు పట్టుకుని వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా నాన్న పేరు చూసి, ఆయన పండుగలకు తన వంతు కుర్చీని వేరే రోగికి వదిలి మరునాడు వచ్చేవారని చెప్పాడు. దసరాకు ఒకరోజు ఆలస్యంగా ఎందుకు తీసుకుపోవాలో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు, నేను విసుక్కునేవాడిని కూడా. సార్, మీ బాబుకూ పాపకూ ముందే చెప్పండి. అనుమతి అడగమనడం లేదు, చెప్పమంటున్నాను.

స్టాఫ్ నర్సు, వరంగల్:
క్రైస్తవ కుటుంబాల వారికి ఒక విషయం. అన్నదమ్ముల లేదా అక్కచెల్లెళ్ల పిల్లలు గానీ అంతకంటే దగ్గరి బంధువులు గానీ ఉన్నవారు ధర్మకార్యాలకు రాసే వీలునామా, చనిపోవడానికి కనీసం పన్నెండు నెలల ముందు రాసి, ఆరు నెలల్లోగా దాన్ని చట్టం చెప్పిన చోట దాచిపెడితేనే చెల్లుతుందని వారసత్వ చట్టం 118వ సెక్షన్‌లో ఉండేది. కేరళకు చెందిన ఒక క్రైస్తవ గురువు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2003లో దాన్ని కొట్టివేసింది. అయినా మా చర్చిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ పాత నియమమే చెప్పి భయపెడుతుంటారు.

ఉర్దూ మీడియం టీచర్, నిజామాబాద్:
మా ముస్లింలకు లెక్క వేరు. అంత్యక్రియలూ అప్పులూ పోగా మిగిలిన దానిలో మూడో వంతుకు మించి వసీయత్ రాస్తే, ఆ మించినది వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. సారు అనుకుంటున్న పదో వంతు మా లెక్కలోనూ సులభంగా ఇముడుతుంది. దవాఖానలకు ఇవ్వడం మన వైపు కొత్త కాదు. మా జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే వైద్యురాలు నెలకొల్పిన కుష్ఠు ఆసుపత్రికి తొలినాళ్లలో ఇక్కడి నర్సాగౌడ్ వంటి దాతల సొమ్ము అండగా నిలిచింది.

సింగరేణి పింఛనుదారు, మంచిర్యాల:
నా ఆలోచన ఇది: ఇల్లు నా తరువాత నా భార్యకు జీవితకాలం ఉండాలి, ఆమె తరువాత తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించే సంస్థకు వెళ్లాలి. మా మనవడికి ఆ జబ్బు ఉంది. ఇలా రాయవచ్చునా?

న్యాయవాది, హన్మకొండ కోర్టు:
రాయవచ్చు, కానీ నిలుస్తుందన్న హామీ లేదు. భార్యకు భర్త ఆస్తి నుంచి పోషణ పొందే హక్కు ముందే ఉంది కనుక, ఆ హక్కుకు బదులుగా ఆమెకు పరిమితంగా ఇచ్చిన ఆస్తి కూడా హిందూ వారసత్వ చట్టం 14(1) కింద ఆమెకు పూర్తి సొంతం అవుతుందని 1977లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే చట్టంలోని 14(2) కింద పరిమిత హక్కు చెల్లుతుందని చెప్పిన తీర్పులూ ఉన్నాయి, ఈ చిక్కు 2024 డిసెంబరులో పెద్ద ధర్మాసనానికి చేరింది. నా దగ్గరికి వచ్చేవారికి నేను చెప్పేది ఏమిటంటే, ఇల్లు భార్యకు పూర్తిగా రాయండి, సంస్థకు ఇవ్వదలిచింది డబ్బు రూపంలో వేరుగా రాయండి, ఇంటి విషయంలో ఆమెకు ఇష్టమైతే ఆమె తన వీలునామా తాను రాస్తుంది. ఇద్దరూ ఒకే రోజు పక్కపక్కన కూర్చుని రెండు వీలునామాలు రాయడం నేను చాలాసార్లు చేయించాను.

పన్ను గురించి ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. మన దేశంలో చనిపోయినవారి ఆస్తి మీద వేసే పన్ను, అంటే ఎస్టేట్ డ్యూటీ, 1985లోనే రద్దయింది. కాబట్టి వీలునామాలో దానం రాస్తే వారసులకు పన్ను తగ్గడమన్నది ఉండదు. దానాలకు ఆదాయపు పన్నులో ఇచ్చే, 80జి అని పిలుచుకునే మినహాయింపు బతికి ఉండగా ఇచ్చిన వారికే వర్తిస్తుంది. అందుకే కొంత ఇప్పుడు, కొంత తరువాత ఇచ్చేవారున్నారు. మన ప్రాంతంలో హిందువుల వీలునామాకు ప్రొబేటు, అంటే కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి కాదు. అయినా అమలుదారు పేరు రాయకపోతే పని కోర్టు చుట్టూ తిరుగుతుంది.

రక్తదాత, భూపాలపల్లి:
కళ్లు, శరీరం దానం చేయాలన్న కోరికను మాత్రం వీలునామాలో పెట్టి ఊరుకోకండి. కళ్లు ఆరు గంటల్లోగా తీయాలి, వీలునామా తెరిచేది పదిహేను రోజుల తరువాత. కాకతీయ మెడికల్ కాలేజీకి శరీరం ఇవ్వదలిస్తే అక్కడి అనాటమీ విభాగంలో ముందే పత్రం నింపి, ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి.

లెక్కల సారు, హనుమకొండ:
అందరికీ నమస్కారం. ఆరు వారాల తరువాత రాస్తున్నాను. పరకాల తమ్ముడి మాట విని సంక్రాంతికి ఇద్దరు పిల్లలూ ఇంటికి వచ్చినప్పుడు చెప్పాను. బాబు ఏమీ అనలేదు. పాప మాత్రం, "పదో వంతు ఎందుకు నాన్నా, ఎనిమిదో వంతు కాదా?" అని అడిగింది. ఆమె కోపంగా అన్నదో నిజంగానే అన్నదో తెలియక రెండు రోజులు మథనపడ్డాను. చివరకు మిగిలిన మొత్తంలో ఎనిమిదో వంతు అనే రాయించాను. అమలుదారు పాప. సాక్షులు నా పాత విద్యార్థులు ఇద్దరు, ఒకరికి ముప్పై ఎనిమిది, మరొకరికి నలభై ఒకటి. వీలునామాను సబ్‌ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి, ఒక నకలును పిల్లల ఎదుటే బీరువాలో, మా ఇంటావిడ మందుల చీటీలు ఉన్న అరలో పెట్టాను.