బీపీఎం ఒకటే అయినా బీట్లు ఎందుకు విడిపోతున్నాయి?

ప్రశ్న:
రెండు డెక్‌ల డీజే కంట్రోలర్ (రెండు పాటలను ఒకేసారి మోగించి కలిపే పరికరం) మీద పాటలు కలపడం ఇటీవలే మొదలుపెట్టాను. తెర మీద రెండు పాటలకూ 124 బీపీఎం (నిమిషానికి పడే దెబ్బల సంఖ్య) అనే కనిపిస్తున్నా, కొద్దిసేపటికే కిక్ డ్రమ్ముల దెబ్బలు విడిపోతున్నాయి. వేగాలను తానే కలిపేసే సింక్ బటన్ నొక్కకుండా చెవితోనే కలపడం నేర్చుకోవాలని నా కోరిక. సాధన ఎలా చేయాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
తెర మీది అంకెను పూర్తిగా నమ్మకండి. లోపల అది 123.6 అయినా కావచ్చు. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, రెండో చెవితో స్పీకర్‌లో మోగుతున్న పాటను వింటూ, అందులో ‘ఒకటి’ (నాలుగు దెబ్బల లెక్కలో మొదటిది) పడగానే కొత్త పాటను దాని మొదటి దెబ్బ నుంచి వదలండి. ‘టక్’ అని ఒక్కటిగా కాక ‘టటక్’ అని జంటగా వినిపిస్తే జాగ్ వీల్‌ను (డెక్ మీది గుండ్రటి చక్రాన్ని) కాస్త ముందుకో వెనక్కో తోయండి. మాటిమాటికీ ముందుకే తోయవలసి వస్తోందంటే కొత్త పాట వెనకబడుతోందన్న మాట. అప్పుడు పాట వేగాన్ని మార్చే పిచ్ ఫేడర్‌ను వెంట్రుకవాసి వేగం వైపు జరపాలి. బీపీఎం అంకెలను కప్పేసి సాధన చేస్తే చెవి త్వరగా పదునెక్కుతుంది.

జవాబు 2:
పాత తెలుగు సినిమా పాటలతో మాత్రం మొదలుపెట్టవద్దని నా మనవి. వాద్యబృందం కలిసి వాయించిన ఆ రికార్డింగులలో వేగం పాట మధ్యలోనే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. నాలుగు దెబ్బల ‘హౌస్’ అనే డాన్స్ సంగీతం మొదటి సాధనకు ఎంతో అనువైనది.

జవాబు 3:
దెబ్బలు కలిశాక, 32 దెబ్బల వరుస పూర్తయ్యే చోట కొత్త పాటను తీసుకురండి, రెండు బేస్‌లూ ఒకేసారి మోగకుండా పాత పాటకు ‘లో ఈక్యూ’ను (బేస్‌ను పెంచి తగ్గించే నాబ్‌ను) తగ్గించండి.