మామునూరు రన్‌వే: మళ్లీ విమానాలకే ఇవ్వాలా?

ఖిలా వరంగల్ వాసి:
మా నాయిన ఇప్పటికీ విమానాన్ని గాలిమోటరు అనే అంటాడు. చిన్నప్పుడు వరంగల్ పక్కన మామునూరులో గాలిమోటరు దిగుతుందంటే సైకిలేసుకుని పోయేవాడట. నాకు ఊహ తెలిసేసరికి అక్కడ మిగిలింది గడ్డి, తుమ్మచెట్లు, మేకలు. నిజాం కాలంలో, 1930లో కట్టిన విమానాశ్రయం అది. 1981లో వాడకం ఆపేశారు. ఆ తర్వాత హైదరాబాద్‌లోని శంషాబాద్ విమానాశ్రయ ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో విమానాశ్రయం రాకూడదన్న షరతు చేరింది. ఆ అడ్డు తొలగి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. ఇంత పెద్ద నగరానికి ఉన్న రన్‌వేని పాడుబెట్టారు. తిరిగి తెరుస్తామంటే ఇంకా వద్దనేవాళ్లు ఉన్నారు. ఎందుకు?

గుంటూరుపల్లి రైతుబిడ్డ:
అన్నా, పాడుబెట్టింది మేం కాదు. విమానాశ్రయానికి ఇప్పటికే 696 ఎకరాలు ఉన్నాయి. చాలవని ఇంకో 253 ఎకరాలు మా దగ్గర, నక్కలపల్లి దగ్గర, ఆ చుట్టుపక్కల అడిగారు. దానికి 2024 నవంబరులో 205 కోట్లు మంజూరు చేశారు. నలభై ఏళ్లకు పైగా ఎవరూ అటు చూడలేదు. ఈలోపు మేం బోర్లు వేసుకున్నాం, ఇళ్లు కట్టుకున్నాం, పత్తి, మక్కజొన్న పండించుకున్నాం. అసలు టెన్షన్ డబ్బు ఒక్కటే కాదు. రన్‌వే సాగితే వరంగల్ పోయే మా దారి తెగుతుంది. సర్వేకి వచ్చినప్పుడు ఊరోళ్లు అడ్డం నిలబడింది ఆ దారి కోసం.

బసంత్‌నగర్ నుంచి:
తమ్ముడి మాటలో న్యాయం ఉంది. 253 ఎకరాలు ఎందుకో ముందు చూడాలి. డెబ్బై మంది పట్టే ఏటీఆర్ విమానానికి చిన్న రన్‌వే చాలు. ఎయిర్‌బస్ లాంటి పెద్దవాటి కోసమే 2,800 మీటర్లు కావాలంటున్నారు. కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2,000 మీటర్ల రన్‌వే మీద 2021 నుంచి ఏటీఆర్‌లు తిరుగుతున్నాయి. ఉన్న 696 ఎకరాల్లో ముందు అలా మొదలుపెట్టొచ్చు కదా. రన్‌వే వేయగానే విమానాలు రావు. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ మొదలైన 2017 ఏప్రిల్ 27నే కడప నుంచి హైదరాబాద్‌కు విమానం ఎగిరింది. 2022లో ఆ విమానం నడిపిన సంస్థే ఆగిపోయింది. పెద్దపల్లి జిల్లాలో మా బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ సంగతీ అంతే. 2020లో రాష్ట్రం అనుకున్న ఆరు విమానాశ్రయాల్లో దాని పేరుంది. ఇప్పుడు దాన్ని వదిలి అంతర్గాం వైపు చూస్తున్నారు. మేం చూస్తుండగానే పగుళ్లలో మొక్కలు మొలిచాయి.

ఖిలా వరంగల్ వాసి:
ఏటీఆర్ లెక్క నాకూ తెలుసు. నా భయం వేరు. చిన్నగా తెరిస్తే టికెట్లు అమ్ముడుపోవడం లేదని రెండేళ్లకు మళ్లీ తాళం వేస్తారు. 1981 తర్వాత జరిగింది ఇంకోసారి జరగనివ్వకూడదు. టెక్స్‌టైల్ పార్కు పక్కనే ఉంది, రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడి పిల్లలు ఉద్యోగాల కోసం బెంగళూరు పోవాలంటే ముందు మూడు నాలుగు గంటలు శంషాబాద్ దాకా ప్రయాణం. పెద్ద రన్‌వే ఒకేసారి వేయాలన్నదే నా మాట, దాన్ని మార్చుకోను. కానీ దారి సంగతి నేను అసలు ఆలోచించలేదు తమ్మీ. కొత్త దారి వేసి, దాని మీద బస్సు నడిచాకే పాత దారి మూయాలి. ఆ షరతు రాతపూర్వకంగా అడిగితే నేనూ సంతకం పెడతా.

గుంటూరుపల్లి రైతుబిడ్డ:
సంతకం కన్నా ముందు ఒక్కసారి రా అన్నా, ఈ ఆదివారమే. మా చేను గట్టు మీద నిలబడితే పాత రన్‌వే కనబడుతుంది. మా బడిపిల్లలు ఏ దారిన పోతారో కూడా అక్కడి నుంచే చూపిస్తా. అది చూశాక కూడా పెద్ద రన్‌వేనే కావాలంటే, నువ్వు చెప్పేది కూర్చుని వింటా.