.45-70 గరిష్ఠ లోడ్ దగ్గర ప్రైమర్ బాగానే ఉంది, ఇంకో రెండు గ్రెయిన్లు పెంచొచ్చా?

నెల్లూరు_టు_డాలస్ (ప్రశ్న)

రైఫిల్ మార్లిన్ 1895 లీవర్ యాక్షన్ (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికి తిప్పి తూటా ఎక్కించే రకం), బ్యారెల్ 18.5 అంగుళాలు. తూటా .45-70 గవర్నమెంట్, బుల్లెట్ 405 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్, పౌడర్ తూచే చిన్న బరువు కొలత) జాకెటెడ్ (లోహపు తొడుగు ఉన్నది). చార్జి (కేసులో పోసే పౌడర్ బరువు) రీలోడింగ్ మాన్యువల్‌లో లీవర్ యాక్షన్‌కి ఇచ్చిన గరిష్ఠం దగ్గర ఉంది. ప్రైమర్ (కేసు అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న కప్పు) అంచులు గుండ్రంగానే ఉన్నాయి, పిన్ను గుంట చుట్టూ గట్టు లేదు, ఖాళీ కేసులు తేలిగ్గా బయటికి వస్తున్నాయి. క్రోనోగ్రాఫ్‌లో (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) సగటు వేగం మాన్యువల్ 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌కి రాసిన వేగంతో సరిపోయింది. ప్రెజర్ గుర్తులు ఒక్కటీ లేవు కదా, ఇంకో రెండు గ్రెయిన్లు పెంచొచ్చా? .416 రిగ్బీకి (పెద్ద జంతువుల వేట తూటా) కూడా ఇదే పద్ధతి పనికొస్తుందా?

గుంటూరు_బెంచ్

పెంచొద్దు తమ్ముడూ. ఇప్పుడున్న చార్జి కూడా తగ్గించాలి. సమాధానం నీ ప్రశ్నలోనే ఉంది: 24 అంగుళాల బ్యారెల్ వేగం 18.5 అంగుళాల బ్యారెల్‌లో రాకూడదు. బ్యారెల్ ఐదున్నర అంగుళాలు పొట్టిదైతే వేగం తగ్గి తీరాలి. తగ్గలేదంటే ఆ లోటును పూడ్చింది అదనపు ప్రెజరే. ముందు క్రోనోగ్రాఫ్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఒక ఫ్యాక్టరీ తూటా పేల్చి సరిచూసుకో. యంత్రం బాగానే ఉంటే ఆ లోడ్ ఎక్కువైనట్టే లెక్క.

ఇక ప్రైమర్ సంగతి. ప్రైమర్ చదునవడం, కేసు అడుగున ఎజెక్టర్ ముద్ర పడటం, బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే భాగం) బిగుసుకోవడం లాంటివి మామూలుగా 65,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ప్రెజర్) చుట్టుపక్కల గానీ, ఆపైన గానీ స్పష్టమవుతాయి. ఇత్తడి లొంగేది అక్కడ కాబట్టి. .45-70కి సామి (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ప్రమాణం 28,000 పీఎస్‌ఐ. 1873 నాటి తూటా, ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ (అప్పటి అమెరికా సైన్యం సింగిల్ షాట్ రైఫిల్) కోసం పుట్టింది. అందుకే మాన్యువల్స్ దీనికి మూడు వేర్వేరు పట్టికలు ఇస్తాయి: ట్రాప్‌డోర్‌కి ఒకటి, లీవర్ యాక్షన్‌కి ఒకటి, రూగర్ నెంబర్ 1 లాంటి గట్టి సింగిల్ షాట్‌లకి ఒకటి. లీవర్ పట్టిక దాదాపు 40,000 సీయూపీ (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి ప్రెజర్ లెక్కగట్టే పాత కొలత) దగ్గర ఆగుతుంది. సీయూపీ, పీఎస్‌ఐ వేర్వేరు కొలతలు, ఒకదాని అంకెను రెండోదానితో నేరుగా పోల్చొద్దు. ప్రైమర్ మీద గుర్తు కనబడేదాకా పెంచుకుంటూ పోతే, అది కనబడే సరికి మార్లిన్ తట్టుకునే హద్దు ఎప్పుడో వెనకబడిపోయి ఉంటుంది. 65,000 పీఎస్‌ఐ తూటాల్లో పుట్టిన అలవాటు ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంకో మాట. గరిష్ఠం దగ్గర చార్జి పెరిగిన కొద్దీ ప్రెజర్ వేగం కంటే చాలా త్వరగా పెరుగుతుంది. రెండు గ్రెయిన్లకి వేగంలో దక్కేది కొంచెమే, చాంబర్ మీద పడే భారం మాత్రం ఎక్కువ.

సీమ_రిలోడర్

గుంటూరు అన్న చెప్పిందే సరైనది. ప్రైమర్ రెండు వైపులా మోసం చేస్తుందని కూడా గుర్తుపెట్టుకోండి. హెడ్‌స్పేస్ (చాంబర్‌లో కేసు అడుగుకీ బోల్ట్‌కీ మధ్య సందు) ఎక్కువైతే పేలినప్పుడు ప్రైమర్ ముందు వెనక్కి తన్నుకొస్తుంది, తర్వాత కేసు అడుగు వెనక్కి వచ్చి దాన్ని నలిపేస్తుంది. ప్రెజర్ తక్కువైనా ప్రైమర్ చదునుగా కనిపిస్తుంది. ప్రైమర్ కప్పు మెత్తనిదైనా అంతే. గట్టి కప్పు ఉన్నదేమో చాలా ప్రెజర్‌కి గానీ బయటపడదు.

లీవర్ యాక్షన్‌లో చూడాల్సినవి వేరు. తాళం వేసే దిమ్మ బోల్ట్ వెనక భాగంలో ఉంటుంది కాబట్టి ఒత్తిడికి బోల్ట్ కొద్దిగా నొక్కుకుని, కేసు సాగుతుంది. లీవర్ తెరవడానికి మామూలు కంటే బలం కావాల్సి వచ్చినా, పేల్చిన కేసు లోపల అడుగు దగ్గర వంచిన తీగతో గీస్తే గాడి తగిలినా, కొత్త ఇత్తడి మూడు నాలుగు లోడింగ్‌లకే ప్రైమర్ పాకెట్ (కేసు అడుగున ప్రైమర్ కూర్చునే గుంట) వదులైపోయినా ఆపేయండి. వదులైన పాకెట్‌ని నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముతాను.

చార్జి మార్చకుండానే ప్రెజర్ పెరిగే దారులు ఇవి:

కేసు పొడవు. .45-70 గరిష్ఠం 2.105 అంగుళాలు, ట్రిమ్ చేయాల్సింది 2.095కి. పొడవైన కేసు మూతి చాంబర్ చివర ఇరుక్కుని బుల్లెట్‌ని బిగిస్తుంది, అది వదలకముందే ప్రెజర్ ఎగబాకుతుంది.

క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కి బిగించడం). ట్యూబ్ మ్యాగజైన్‌లో స్ప్రింగు, రికాయిల్ కలిసి బుల్లెట్‌ని కేసులోకి నెడతాయి. లోపల జాగా తగ్గిన కొద్దీ ప్రెజర్ పెరుగుతుంది. క్యానలూర్‌లో (బుల్లెట్ చుట్టూ ఉండే గాడి) గట్టిగా క్రింప్ చేసి, నాలుగైదు షాట్ల తర్వాత మ్యాగజైన్‌లో మిగిలిన తూటా తీసి పొడవు కొలవండి. మొనతేలిన బుల్లెట్ ట్యూబ్‌లో వద్దే వద్దు. ముందున్న తూటా ప్రైమర్‌కి దాని మొన తగిలి మ్యాగజైన్‌లోనే పేలొచ్చు.

పూర్తి రాగి బుల్లెట్లు. సీసం కోర్ ఉన్నవాటితో బరువు సమానమైనా ఇవి పొడవు. కేసులో పౌడర్ చోటు ఎక్కువ తినేస్తాయి. ఆ బుల్లెట్ తయారీదారు ఇచ్చిన డేటానే వాడాలి.

ప్రైమర్ మామూలుది నుంచి మాగ్నమ్‌కి మార్చినా, ఇత్తడి బ్రాండ్ మార్చినా, పౌడర్ డబ్బా లాట్ మారినా గరిష్ఠానికి 10 శాతం కింద నుంచి మళ్ళీ మొదలెట్టండి. ఒక్కో మెట్టుకి చార్జిలో 1 శాతం చాలు.

నెల్లూరు_టు_డాలస్

థాంక్స్ అన్నా. క్రోనోగ్రాఫ్ ఫ్యాక్టరీ తూటాతో సరిచూశాను, అది కరెక్టే. చార్జి నాలుగు గ్రెయిన్లు తగ్గించేస్తున్నాను. కారులో ఎండకి ఉన్న తూటాల విషయం? రిగ్బీ సంగతి కూడా చెప్పండి.

గుంటూరు_బెంచ్

ఎండ చాలా ముఖ్యం. టెక్సస్ ఎండలో డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన తూటాలో పౌడర్ వేడెక్కి వేగంగా కాలుతుంది, ప్రెజర్ పెరుగుతుంది. చలికాలంలో గరిష్ఠానికి తెచ్చిన లోడ్‌ని జూలైలో అలాగే వాడొద్దు. తూటాలు నీడలో పెట్టు, వేడెక్కిన చాంబర్‌లో తూటాని ఊరకే కూర్చోబెట్టకు. హాడ్జ్‌డన్ ఎక్స్‌ట్రీమ్ వరసలో హెచ్ 4895, హెచ్ 4350 లాంటి పౌడర్లు వేడికి తక్కువ స్పందిస్తాయి. తక్కువే గానీ, సున్నా కాదు.

.416 రిగ్బీ కథ సరిగ్గా ఈ వేడితోనే ముడిపడి ఉంది. 1911లో వచ్చింది. అప్పటి కార్డైట్ మందు ఎండకి దారుణంగా రెచ్చిపోయేది. ఆఫ్రికా, ఇండియా ఎండల్లో కేసు ఇరుక్కోకూడదని పెద్ద కేసు ఇచ్చి ప్రెజర్ తక్కువగా ఉంచారు. సామి హద్దు 52,000 పీఎస్‌ఐ. .416 రెమింగ్టన్ మాగ్నమ్ చిన్న కేసులో 65,000తో అదే పని చేస్తుంది: 400 గ్రెయిన్లు, సెకనుకు 2,400 అడుగుల దరిదాపుల్లో. కొత్త బోల్ట్ రైఫిల్ గట్టిది కదా అని రిగ్బీని రెమింగ్టన్ ప్రెజర్‌కి లాగితే, ఆ ఎండల కోసం వదిలిన జాగానే తినేసినట్టు. బోల్ట్ బిగుసుకునేది 52,000 దాటి చాలా పైకి వెళ్ళాకే కాబట్టి ఇక్కడా వేగమే కొలమానం. మాన్యువల్ వేగం అందగానే ఆగు, చార్జి గరిష్ఠానికి రెండు గ్రెయిన్లు తక్కువున్నా సరే.

సీమ_రిలోడర్

రిగ్బీకి ఇంకోవైపు ప్రమాదం ఉంది: చార్జి మరీ తక్కువ పోయడం. ఇంత పెద్ద కేసులో నెమ్మదిగా కాలే పౌడర్‌ని మాన్యువల్ కనిష్ఠం కంటే తగ్గిస్తే మంట సరిగ్గా అంటుకోక, ఒక్కసారిగా ప్రెజర్ ఎగిరి రైఫిల్ పగిలే ప్రమాదం ఉంది. మెత్తటి లోడ్ కావాలంటే హెచ్ 4895 వాడండి. హాడ్జ్‌డన్ దానికి మాత్రం, ఆ తూటాకి తానిచ్చిన గరిష్ఠ చార్జిలో 60 శాతం మిగిలేదాకా (అంతకంటే కిందికి కాదు) తగ్గించుకోవచ్చని చెబుతుంది. ఇతర పౌడర్లకి ఆ లెక్క వాడకండి.

.45-70లో దీనికి ఎదురు: త్వరగా కాలే పౌడర్‌తో మెత్తటి లోడ్ చేస్తే రెండు చార్జీలు ఒకే కేసులో పట్టేస్తాయి, బయటికి ఏమీ తెలియదు. లోడింగ్ బ్లాక్‌లో 50 కేసులు నిలబెట్టి, బుల్లెట్ పెట్టే ముందు టార్చి వేసి ఒక్కో కేసులో పౌడర్ ఎత్తు చూడండి. బెంచ్ మీద ఒకే పౌడర్ డబ్బా ఉండాలి. డిజిటల్ త్రాసుని ప్రతి పది చార్జీలకి ఒకసారి, మీ చార్జికి దగ్గరగా ఉండే చెక్ వెయిట్‌తో సరిచూసుకోండి.

పేలిన శబ్దం మెత్తగా వస్తే తర్వాతి షాట్ ఆపి, 30 సెకన్లు ఆగి, తూటా తీసేసి, బ్యారెల్‌లో బుల్లెట్ ఇరుక్కుందేమో కడ్డీతో చూడండి. అనుమానం వచ్చిన లోడ్ ఎన్ని మిగిలినా పేల్చి వదిలించుకోవద్దు, బుల్లెట్ పుల్లర్‌తో విప్పి పౌడర్ పారేయండి. ఇండియా నుంచి చదివేవాళ్ళకి: 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.